టెలిఫోన్ వ్యాపారంలో మాటలు - వాటి అర్థాలు

ప్రతి వ్యాపారానికీ తనదైన భాష ఒకటి ఉంటుంది. మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పత్తి బోరెం బండి దింపిన తరువాత “తేమ శాతం” అన్న ఒక్క మాట మీద క్వింటాలు ధర తేలిపోతుంది. మిర్చి బస్తాల దగ్గర “తరుగు” అన్న మాటకు అర్థం తెలియనివాడు కాటా దగ్గర నిలువునా నష్టపోతాడు. ఆ మాటలను తాతలనాటి నుండి వింటున్నాము గనుక వాటిని చూచి మనం బెదరము. కాని గత ముప్పది ఏండ్లలో ఇంటింటా ప్రవేశించిన మరొక వ్యాపారం ఉన్నది. దాని సరకు కంటికి కనబడదు, కాటాకు ఎక్కదు. ఆ సరకును కొనేటప్పుడు మన చేతిలో ఉండేవి మాటలు మాత్రమే. అది టెలిఫోన్ వ్యాపారం. ఆ మాటల అర్థాన్ని గూర్చి ఈనాడు కొంత చెప్పదలచినాను.

ఇందుకు ఒక కారణం ఉన్నది. మా పెదనాన్నగారు నందిగామకు దాపున ఉన్న పల్లెలో సేద్యం చేసుకుంటారు. మొన్న ఒక పత్తి కోతల కాలంలో పదకొండు రోజులపాటు ఆయన ఫోను మోగలేదు. కూతురు హైదరాబాదు నుండి చేస్తే పలకలేదు. పత్తి అమ్మిన డబ్బు బ్యాంకులో పడినదో లేదో తెలిపే సందేశం రాలేదు. బ్యాంకువారు పంపే రహస్య సంఖ్య రాక, ఎరువుల దుకాణానికి చెల్లించవలసిన బాకీ చెల్లించలేకపోయినారు. నేను ఊరికి వెళ్ళినప్పుడు ఫోను నా చేతికిచ్చి, “ఏరా, నా డబ్బు రెండువందల పద్నాలుగు రూపాయలు దీంట్లోనే ఉన్నాయి గదా! డబ్బు ఉండగా ఇది ఎందుకు మోగదు?” అని అడిగారు. చూస్తే నిజంగానే ఆ 214 రూపాయలు అందులో భద్రంగా ఉన్నవి. ఆయన ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు రెండు మాటల మధ్య ఉన్న తేడాలో ఉన్నది. ఆ తేడాను ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ మాటలకు వచ్చే ముందు, వీటి పాత చుట్టాలను ఒకసారి పలకరించుదాము. మన దేశంలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలు 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో మొదలైనవి. అప్పటి నుండి చిరకాలం ఈ వ్యాపారంలో మాటలు కొద్దిపాటివే. “ట్రంకు” అనగా చెట్టు మాను. ఊళ్ళలోని తీగలు కొమ్మలైతే, ఊరికీ ఊరికీ నడుమ సాగే తీగ మాను. ఆ మాను మీదుగా నడిచే పిలుపు ట్రంకాల్. అందులో సాధారణం, అర్జంటు, లైట్నింగ్ అని తరగతులు. అర్జంటుకు సాధారణపు ధర రెట్టింపు. మెరుపు పిలుపుకు అంతకన్న ఎన్నో రెట్లు. “పి.పి. కాల్” అనగా ఫలానా వ్యక్తి దొరికితేనే కలుపుమని కోరే పిలుపు. ఈ పి.పి. అన్న అక్షరాలను మనవాళ్ళు ఎంత చక్కగా సొంతం చేసుకున్నారో చూడండి. ఇంట్లో ఫోను లేనివారు శుభలేఖల మీద పొరుగింటివారి సంఖ్య వేయించి, పక్కన “పి.పి.” అని అచ్చొత్తించేవారు. పిలిస్తే పిలిచి పెడతారు అని దాని తాత్పర్యం. కంపెనీ నిఘంటువులో లేని అర్థాన్ని జనం ఇచ్చుకున్నారు.

ఆపరేటరు సాయం లేకుండ నేరుగా దూరపు ఊరితో మాట్లాడే ఎస్.టి.డి. సౌకర్యం 1960 నవంబరులో లక్నో, కాన్పూరుల మధ్య మొదటిసారిగా వచ్చినది. నా చిన్నతనంలో, అనగా 1990 ప్రాంతాలలో, ప్రతి సెంటరులోనూ పసుపుపచ్చని బోర్డుతో ఒక ఎస్.టి.డి. బూత్ వెలసినది. ఆ అద్దాల గదిలో నిలబడి మాట్లాడుతుంటే, ఎదుట ఎర్రని అంకెలు గబగబ మారేవి. ఆ అంకెల వెనుక ఉన్న మాట “పల్సు”. పల్సు అనగా నాడి. నాడి ఒకసారి కొట్టుకుంటే ఒక యూనిట్ ధర. దూరం పెరిగినకొద్దీ నాడి వేగం హెచ్చుతుంది. రాత్రి పొద్దుపోయిన తరువాత ఆ వేగం తగ్గుతుంది. అందుకే బూతుల ముందు రాత్రివేళ వరుసలు. నందిగామకు 08678 అనీ, జగ్గయ్యపేటకు 08654 అనీ వేరువేరు సంఖ్యలు ఉండడానికి కూడ కారణం వ్యాపారమే. దేశాన్ని రెండువేల ఆరువందలకు పైబడిన “చార్జింగ్ ఏరియా”లుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక సంఖ్య ఇచ్చారు. ఊరి సంఖ్య అని మనం అనుకున్నది నిజానికి ధర కట్టడానికి వేసిన పొలిమేర.

ఇక ఇప్పటి మాటలకు వద్దాము. మా పెదనాన్నగారి ప్రశ్నకు మూలమైన మాటలు రెండు: “బ్యాలెన్స్”, “వాలిడిటీ”. మొదటిది నిల్వ, రెండవది గడువు. నిల్వ మీ డబ్బు. గడువు మీరు కొనుక్కున్న కాలం. టాప్-అప్ అన్న పేరుతో మీరు వేసుకొనే డబ్బు నిల్వలోకి పోతుంది. 2012లో టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, చేసిన ఏర్పాటు ప్రకారం ఆ డబ్బుకు గడువు ఉండరాదు. కాని ఫోనుకు పిలుపులు రావాలన్నా, మనం పిలవాలన్నా ఒక “ప్లాన్” అమలులో ఉండాలి. ఆ ప్లానుకు గడువు ఉంటుంది. సంచిలో డబ్బు ఉండవచ్చును, కాని బస్సు పాసుకు తేదీ దాటిపోతే కండక్టరు దిగమంటాడు. మా పెదనాన్నగారికి జరిగినది ఇదే. ఆయన చూచుకొన్నది సంచిని, కంపెనీ చూచినది పాసును.

గడువు తీరగానే సంఖ్య పోదు అన్న సంగతి కూడ తెలిసి ఉండటం మంచిది. ట్రాయ్ 2013లో అమలుకు తెచ్చిన నియమం ప్రకారం, వరుసగా 90 రోజులపాటు ఏ విధమైన వాడకమూ లేకపోతే తప్ప ప్రీపెయిడ్ సంఖ్యను రద్దు చేయరాదు. ఆ 90 రోజుల తరువాత కూడ నిల్వలో 20 రూపాయలు ఉంటే, ఆ సొమ్ము మినహాయించుకొని మరి 30 రోజులు సంఖ్యను నిలిపి ఉంచాలి. ఇప్పుడు సంఖ్య అంటే కేవలం పిలుపుకు కాదు. బ్యాంకు ఖాతా, ఆధార్, ధాన్యం పత్తి అమ్మకాల నమోదు, అన్నీ దానికే ముడిపడి ఉన్నవి. సంఖ్య పోగొట్టుకున్నవాడు ఇంటి తాళంచెవి పోగొట్టుకున్నవానితో సమానం. పైగా ఆ సంఖ్యను తరువాత మరొకరికి ఇస్తారు. అప్పుడు మీ ఖాతా సందేశాలు ముక్కూ మొగం ఎరుగని వారికి చేరుతవి.

గడువులో మరొక చిత్రం ఉన్నది. మనకు నెల అంటే 30 రోజులో 31 రోజులో. ఈ వ్యాపారంలో నెల పేరిట అమ్మే ప్లానులు ఎక్కువగా 28 రోజులవి. పదమూడు ఇరువది ఎనిమిదులు 364. అనగా ఏడాదికి పన్నెండుసార్లు కాక, పదమూడుసార్లు చెల్లించవలసి వస్తున్నది. ఉదాహరణకు 300 రూపాయల ప్లాను అనుకుందాము. పన్నెండు నెలలకు 3,600 అని మనస్సులో లెక్క వేసుకొంటాము. జేబులోనుండి పోయేది 3,900. ఇందులో మోసం లేదు, 28 రోజులనే వారు అచ్చు వేసి చెప్పుతున్నారు. కాని ఆ అంకెను “నెల” అని చదివింది మనం. దీనిపై ఫిర్యాదులు వచ్చిన మీదట ట్రాయ్ 2022 జనవరిలో, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లానునూ, ప్రతి నెలా అదే తేదీన పునరుద్ధరించుకొనే ఒక ప్లానునూ అమ్మకానికి ఉంచాలని నిర్దేశించినది. అవి ఉన్నవి. అడిగినవారికే కనబడుతవి.

“అన్‌లిమిటెడ్” అన్నది ఇంకొక మాట. అపరిమితం అని దానికి అర్థం. కాని దాని వెనుకనే “ఫెయిర్ యూసేజ్” అని చిన్న అక్షరాలలో మరొక మాట ఉంటుంది. అనగా న్యాయమైన వాడకం. ఎంత వాడితే న్యాయమో నిర్ణయించేది కంపెనీ. రోజుకు ఒకటిన్నర గిగాబైట్లు అన్నారంటే, అంతవరకు వేగంగా వచ్చి, ఆ పిమ్మట చుక్కచుక్కగా వస్తుంది. కాలువ కట్టలేదు, తూము మాత్రం దించారు. నీరు రావటంలేదు అని మీరు అనలేరు. మడి తడిసింది అని వారూ అనలేరు. ఇంతేకాక వేగాన్ని చెప్పేటప్పుడు మెగాబిట్లలోనూ, సరకును చెప్పేటప్పుడు మెగాబైట్లలోనూ చెప్పుతారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100 మెగాబిట్ల వేగం అంటే క్షణానికి పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. పేరులో ఒక్క అక్షరం తేడా, కొలతలో ఎనిమిది రెట్లు తేడా. “బ్రాడ్‌బ్యాండ్” అన్న మాట అర్థం కూడ కాలంతోపాటు మారుతూ వచ్చినది. 2004లో ప్రభుత్వ విధానం ప్రకారం క్షణానికి 256 కిలోబిట్లు వస్తే అది బ్రాడ్‌బ్యాండ్. 2023లో ఆ కనీసపు కొలత 2 మెగాబిట్లకు పెరిగినది.

“సర్కిల్” అన్న మాట మన ప్రాంతానికి ప్రత్యేకంగా సంబంధించినది. లైసెన్సుల కోసం దేశాన్ని 22 సేవాప్రాంతాలుగా విభజించారు. వాటినే సర్కిళ్ళు అంటారు. జగ్గయ్యపేట దాటి రహదారి మీద పడమరకు పోతే కోదాడ వస్తుంది. 1956 నవంబరుకు పూర్వం ఆ నడుమ రెండు రాష్ట్రాల ఎల్ల ఉండేది. 2014 జూన్ 2వ తేదీతో మళ్ళీ ఎల్ల వచ్చినది. కృష్ణా జిల్లాలోని ఈ తాలూకాలు 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. కాని మొబైల్ లైసెన్సుల లెక్కలో తెలంగాణం, ఆంధ్రం రెండూ కలిసి ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిల్, ‘ఎ’ తరగతిది. రాజకీయపు ఎల్ల ఒకటి, వ్యాపారపు ఎల్ల మరొకటి. సర్కిల్ దాటి వెలుపల తిరగడాన్ని “రోమింగ్” అన్నారు. ఒకప్పుడు తమిళనాడుకో కర్ణాటకకో వెళ్ళినవారు, వచ్చిన పిలుపుకు కూడ డబ్బు కట్టి బెదిరిపోయేవారు. ఇప్పుడు దేశంలోపల ఆ బెడద చాలవరకు తీరినది. అయితే అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న బిడ్డలను చూడబోయే తల్లిదండ్రులు మాత్రం, విమానం ఎక్కే ముందే “ఇంటర్నేషనల్ రోమింగ్” మాటను కంపెనీతో తేల్చుకోవాలి. లేనిపక్షంలో అక్కడ దిగీదిగకముందే ఫోను దానంతట అది అంతర్జాలంతో కలిసి, బిల్లు పెరగవచ్చును.

మన చెవిన పడని మాటలు కూడ కొన్ని ఉన్నవి. అవి కంపెనీల మధ్య నడిచే మాటలు. వాటిలో ఒకటి “ఇంటర్‌కనెక్ట్”. మీ ఫోను ఒక కంపెనీది, మీ వియ్యంకులది మరొక కంపెనీది. మీ మాట వారి చెవిని పడాలంటే, మొదటి కంపెనీ కాలువలోని నీరు రెండవ కంపెనీ బోదెలోకి పారాలి. బోదె యజమానికి ఇచ్చే కూలిని “టర్మినేషన్ చార్జి” అన్నారు. 2017 అక్టోబరులో ఆ కూలి నిమిషానికి 14 పైసల నుండి 6 పైసలకు తగ్గినది. 2021 జనవరి 1 నుండి సున్న అయినది. పైసలే గదా అని కొట్టివేయరాదు. కోట్ల కొలది నిమిషాలకు ఆ పైసలే ఒక కంపెనీకి లాభం, మరొక కంపెనీకి నష్టం అయినవి. 2003 మే నెల వరకు మొబైల్ ఫోనుకు వచ్చిన పిలుపుకు సైతం అందుకున్నవారే చెల్లించేవారు. పిలిచినవారు చెల్లించాలన్న నియమం ఆ నెలలో వచ్చిన పిదపనే ఈ వస్తువు సామాన్యుని ఇంటికి నడిచి వచ్చినది. ఆ రోజులలోనే “మిస్డ్ కాల్ ఇవ్వు” అన్న కొత్త పలుకుబడి పుట్టి తెలుగులో స్థిరపడినది. డబ్బు లేకుండ కబురు పంపే ఉపాయానికి జనం పెట్టుకున్న పేరు అది.

మాట అర్థం ఎంత ఖరీదైనదో తెలుసుకోవాలంటే “ఎ.జి.ఆర్.” అన్న మూడక్షరాల కథ వినాలి. సవరించిన స్థూల రాబడి అని దాని అర్థం. మన రైతు పరిభాషలో చెప్పుతాను. పొలాన్ని రెండు విధాల కౌలుకు ఇస్తాము. పంట పండినా పండకపోయినా ఇంత అని ముందే నిర్ణయిస్తే మక్తా. పండినదానిలో వంతు తీసుకొంటే పాలు. ప్రైవేటు కంపెనీలకు 1994 విధానం కింద లైసెన్సులు ఇచ్చినప్పుడు ప్రభుత్వం మక్తా పద్ధతి పెట్టినది. పోటీలుపడి పెద్ద మొత్తాలు పాడిన కంపెనీలు చెల్లించలేకపోయినవి. 1999 విధానంలో మక్తా తీసివేసి పాలు పెట్టారు. రాబడిలో నూటికి ఇంత వంతు ప్రభుత్వానిది అన్నారు. అక్కడ చిక్కు వచ్చినది. రాబడి అంటే ఏది? వడ్లలో వంతా, లేక గడ్డిలోనూ, గట్టు మీద వేసిన కందులలోనూ కూడ వంతా? పిలుపుల మీద వచ్చినదే రాబడి అని కంపెనీలు, వడ్డీ, అద్దెలు, ఆస్తుల అమ్మకం మీద వచ్చినది సైతం రాబడే అని ప్రభుత్వం వాదించినవి. ఆ వాదం ఏండ్ల తరబడి నడిచినది. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వం చెప్పిన అర్థాన్నే స్థిరపరచినది. దానితో బకాయి, వడ్డీ, జరిమానా కలిసి లైసెన్సు రుసుము కిందనే 92 వేల కోట్ల రూపాయలకు పైగా లెక్క తేలినది. 2020 సెప్టెంబరులో కోర్టు చెల్లింపునకు పదేండ్ల వాయిదాలు ఇచ్చినది. 2021లో ప్రభుత్వం ఇకమీదట టెలికాం కాని రాబడిని ఆ లెక్క నుండి తొలగించినది. గతానికి అది వర్తించలేదు. ఒక్క మాటకు లిఖితపూర్వకంగా సరియైన హద్దులు వేసుకొనకపోతే, వందల మంది న్యాయవాదులను పెట్టుకోగల కంపెనీలే ఇంత చిక్కున పడినవి. ఇక అరకలు కట్టుకొనే మా పెదనాన్నగారి మాట చెప్పవలెనా!

ఆ పాలులో ప్రజలకు ఒక భాగం ఉన్న సంగతి కూడ చెప్పాలి. లైసెన్సు రుసుము కింద కంపెనీలు చెల్లించే నూటికి 8లో, 5 వంతులు లాభసాటి కాని పల్లెలకు సౌకర్యం కలిగించడానికి కేటాయించిన నిధికి పోతవి. 2023 టెలికాం చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చినది.

ఇక మనం ఆచరణలో పెట్టదగినవి చెప్పి ముగిస్తాను. రీచార్జి దుకాణంలో “ఎంత?” అని ఒక్క ప్రశ్నతో తృప్తి పడకండి. “ఎన్ని రోజులు? పిలుపులకు మాత్రమేనా, డేటా కూడనా?” అని కూడ అడగండి. డేటా అక్కరలేని వృద్ధులు, పాత మీటల ఫోనువారు పిలుపులకూ సందేశాలకూ మాత్రమే చెల్లించే ప్లాను ఉండాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నియమం చేసినది. అట్టివాటి గడువును 365 రోజుల వరకు అనుమతించినది. కంపెనీ నచ్చనప్పుడు సంఖ్య మారకుండ కంపెనీని మార్చుకొనే హక్కు 2011 జనవరి నుండి దేశమంతటా ఉన్నది. దానిని “పోర్టింగ్” అంటారు. ఫోనులో పోర్ట్ అని, తరువాత మీ సంఖ్య వేసి, 1900కు సందేశం పంపితే దారి తెరుచుకొంటుంది. అయితే పోర్టింగులో సంఖ్య వెంట వస్తుంది గాని నిల్వ డబ్బు వెంట రాదు. ఆ డబ్బు వాడుకొన్న తరువాతనే కదలండి.

“కె.వై.సి.” అన్న మాట పట్ల మరింత జాగ్రత్త అవసరం. ఖాతాదారుని ఎరిగి ఉండటం అని దాని అర్థం. మీ కె.వై.సి. పూర్తికాలేదు, రెండు గంటలలో మీ ఫోను ఆగిపోతుంది అని ఎవరైన పిలిచి బెదిరిస్తే, అది ట్రాయ్ కాదు, ప్రభుత్వమూ కాదు. దొంగ అని తెలుసుకోండి. ఏ అంకెనూ చెప్పకండి. డబ్బు పోయిన పక్షంలో ఆలస్యం లేకుండ 1930కు పిలవండి.

ధరల పట్టికను “టారిఫ్” అంటారు. ఇది అరబ్బీ మాట నుండి వచ్చినది. దాని మొదటి అర్థం ధర కాదు, తెలియజేయడం. ముందుగా తెలియజేయనిది న్యాయమైన ధర కాజాలదని ఆ మాట పుట్టుకే చెప్పుతున్నది. తెలియజేయడం అమ్మేవారి విధి, అడిగి తెలుసుకోవడం కొనేవారి హక్కు.

మా పెదనాన్నగారి ఫోను ఆ సాయంత్రమే మోగినది. 30 రోజుల ప్లాను వేయించాము. ఆయన గోడ మీది కాలెండరులో, కాలువ నీరు వదిలే తేదీ పక్కనే, ఆ గడువు తేదీకి ఎర్రని సున్న చుట్టారు. “డబ్బున్నంత మాత్రాన చాలదన్నమాట, తేదీ కూడ ఉండాలి” అన్నారు. బ్యాలెన్సుకూ వాలిడిటీకీ తేడాను నేను ఇంతసేపు చెప్పినాను. ఆయన ఒక్క వాక్యంలో చెప్పారు.